పిల్లల దవడకు, ముఖం ఎముకలకు దెబ్బ తగిలితే: పడ్డ నిమిషం నుంచి పూర్తిగా కోలుకునే దాకా ఏం చేయాలి

ఎండాకాలం సెలవులు మొదలైనా, సంక్రాంతికి పతంగుల రోజులు వచ్చినా తల్లిదండ్రుల నుంచి ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. "బాబు మామిడిచెట్టు మీది నుంచి పడ్డడు, గదుమ కింద కుట్లు వేయించినం, ఇప్పుడు నోరు తెరుస్తలేడు, ఏం చేయాలె?" "పాప దవడ విరిగిందన్నరు, కానీ ఆపరేషన్ వద్దంటున్నరు, ఇంకోచోట చూపించాల్నా?" "పళ్ళకు తీగలు కట్టిన్రు, ఇప్పుడు ఏం తినిపించాలె?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట వరుసగా రాస్తే మేలనిపించింది.

ముందు ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పిల్లల ముఖం ఎముక అతుకుతుందో లేదో అన్న భయం పెట్టుకోకండి. అది అతుకుతుంది, పెద్దవాళ్ళకంటే చాలా తొందరగా అతుకుతుంది. చిక్కు వచ్చేది కూడా అక్కడే. సరైన చోట కూర్చోకముందే అతికితే పై పళ్ళూ కింది పళ్ళూ కలవవు. అతికాక నోరు కదిలించకుండా ఉంచితే చెవి ముందున్న దవడ కీలు బిగుసుకుపోతుంది. అందుకే మొదటి వారం తొందరపడాలి, ఆ తర్వాత నోరు ఆడించాలి, ఆ తర్వాత ఎదిగేదాకా కనిపెట్టి ఉండాలి. కింద రాసిందంతా ఈ మూడింటి గురించే. వైద్యం డాక్టరే చేయాలి. మీరు చేయాల్సింది సమయానికి తీసుకుపోవడం, సరైన ప్రశ్నలు అడగడం, ఇంటికి వచ్చాక జాగ్రత్తగా చూసుకోవడం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

శుభ్రమైన నూలు గుడ్డలు, టార్చి ఉన్న ఫోను, మంచుముక్కలు, మూత ఉన్న చిన్న డబ్బాలో చల్లని పాలు (ఊడిన పన్ను కోసం). పిల్లల ఆధార్, రేషన్ కార్డు, టీకాల కార్డు. పిల్లల బరువు ఎంతో గుర్తుండాలి, ఎందుకంటే ప్రతి మందు డోసూ దాన్నిబట్టే ఉంటుంది. తర్వాతి రోజులకు సూది లేని పెద్ద సిరంజి, మెత్తటి చిన్న బ్రష్, వాజిలిన్, ఐస్‌క్రీం పుల్లలు, చేతి అద్దం. పుల్లలెందుకో తొమ్మిదో అడుగులో తెలుస్తుంది.

1. ముందు ఊపిరి, తల, మెడ చూడండి

దవడ సంగతి తర్వాత. పిల్లవాడు తెలివిలో ఉన్నాడా, మాట్లాడుతున్నాడా, ఊపిరి తేలిగ్గా ఆడుతోందా చూడండి. నోట్లో రక్తం, విరిగిన పన్ను ముక్కలు ఉంటే కనిపించినవి మాత్రమే తీయండి. గుడ్డిగా వేలు లోపలికి పెడితే ముక్క ఇంకా లోపలికి పోతుంది.

తెలివిలో ఉంటే ముందుకు వంచి కూర్చోబెట్టండి, రక్తం బయటికి కారనివ్వండి. వెల్లకిలా పడుకోబెట్టకండి. కింది దవడ రెండు వైపులా విరిగితే నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడవచ్చు. తెలివి లేకుంటే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా ఇద్దరు పట్టుకుని పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయండి.

వీటిలో ఏది కనిపించినా ఆలోచించకుండా బయల్దేరాలి: కాసేపైనా తెలివి తప్పడం, రెండుమూడుసార్లు వాంతి, లేపినా మత్తుగా ఉండడం, ఫిట్స్, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్ళలాంటి ద్రవం కారడం, చెవిలోంచి రక్తం, రెండు కళ్ళ చుట్టూ నల్లగా కమిలిపోవడం. ముఖానికి గట్టి దెబ్బ తగిలిందంటే తలకూ తగిలి ఉండొచ్చు.

2. రక్తం ఆపండి, ఊడిన పన్ను వెతకండి

గాయం మీద గుడ్డ పెట్టి 10 నిమిషాలు వదలకుండా ఒత్తండి. మధ్యలో తీసి చూస్తే రక్తం మళ్ళీ మొదలవుతుంది. కాఫీ పొడి, పసుపు, సున్నం గాయంలో పెట్టకండి. వాటిని కడిగి తీయడానికే డాక్టర్‌కు సమయం పడుతుంది, పిల్లవాడికి నొప్పి రెట్టింపవుతుంది. మంచుముక్కలు గుడ్డలో చుట్టి చెంప మీద 10, 15 నిమిషాలు పెట్టండి. కంటి గుడ్డు మీద మాత్రం ఏదీ ఒత్తకండి.

పన్ను ఊడితే అది పాలపన్నా, శాశ్వత పన్నా అన్నది ముఖ్యం. ఆరేళ్ళలోపు పిల్లల ముందు పళ్ళు దాదాపు అన్నీ పాలపళ్ళే. వాటిని తిరిగి పెట్టకూడదు, కింద మొలిచే పన్నుకు దెబ్బ తగులుతుంది. శాశ్వత పన్నయితే తెల్లని భాగం పట్టుకుని తీయండి, వేరును తాకకండి, రుద్దకండి. మట్టి అంటితే పాలతో గానీ శుభ్రమైన నీళ్ళతో గానీ కొన్ని క్షణాలు కడిగి పాలలో వేయండి. పిల్లవాడు నిలకడగా ఉండి, దవడ విరిగినట్టు అనిపించకపోతే ఆ పన్నును అక్కడికక్కడే గుంతలో పెట్టి గుడ్డ కొరికించడం ఇంకా మంచిది. ఏదైనా గంటలోపే దంతవైద్యుడి దగ్గరుండాలి. పన్ను ఎంత వెతికినా దొరక్కపోతే ఆ మాట డాక్టర్‌కు చెప్పండి. అది ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో ఛాతీ ఎక్స్‌రే తీసి చూస్తారు.

3. ఎముక విరిగిందేమో చూసే ఐదు నిమిషాల పరీక్ష

వెలుతురులో కూర్చోబెట్టి మెల్లగా చూడండి. నొక్కి చూడాల్సిన పని లేదు, చూపు చాలు.

"పళ్ళు గట్టిగా కలుపు, ఎప్పటిలా కలిశాయా?" అని అడగండి. అయిదారేళ్ళు దాటిన పిల్లలు దీనికి బాగానే జవాబు చెబుతారు. "కలుస్తలేవు, ఒకవైపే తగులుతున్నై" అంటే దవడ విరిగినట్టే అనుకుని బయల్దేరండి.

నోరు మెల్లగా తెరవమనండి. గదుమ నిట్టనిలువుగా దిగాలి. ఒక పక్కకు జరుగుతుంటే ఆ పక్క కీలుకు దెబ్బ తగిలి ఉండొచ్చు.

నాలుక పైకెత్తమని టార్చితో కింద చూడండి. అక్కడ నల్లగా, నీలంగా కమిలి ఉంటే అది కింది దవడ విరిగిందనడానికి బలమైన గుర్తు. పళ్ళ వరుసలో మెట్టులా ఎత్తుపల్లాలు వచ్చాయా, చిగురు చీలిందా, కింది పెదవి మొద్దుబారిందా కూడా చూడండి.

ముక్కుకు దెబ్బ తగిలితే రెండు రంధ్రాల్లోకీ టార్చి వేయండి. మధ్య గోడ మీద ఎర్రగా, ఊదాగా మెత్తని ఉబ్బు ఉండి ఊపిరి ఆడకపోతే, అది గోడ లోపల రక్తం గడ్డకట్టడం. అదే రోజు తీయించాలి. లేకపోతే లోపలి మెత్తని ఎముక చచ్చిపోయి తర్వాత ముక్కు నడుమ పల్లం పడుతుంది. దెబ్బ తగిలిన రోజు లేకపోయినా రెండుమూడు రోజుల్లో రావచ్చు, కాబట్టి రోజూ చూడండి.

కళ్ళ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది తప్పిపోతుంటుంది. తల కదపకుండా మీ వేలిని పైకి, కిందికి, పక్కలకు చూడమనండి. ఒక కన్ను పైకి వెళ్ళకపోయినా, రెండుగా కనిపిస్తున్నాయన్నా, చూడబోతే వాంతి వస్తోందన్నా కంటి కింది పలుచని ఎముక విరిగి కంటి కండరం అందులో ఇరుక్కుని ఉండొచ్చు. పిల్లల ఎముక సాగి మళ్ళీ మూసుకుంటుంది కాబట్టి కండరం చిక్కుకుపోతుంది. కన్ను ఎర్రగా ఉండదు, వాపు ఉండదు, చూడ్డానికి బాగానే ఉంటుంది. వాంతులు చూసి తలదెబ్బ అనుకుని రోజులు గడిపేస్తారు. దీనికి ఒకటి రెండు రోజుల్లోపే ఆపరేషన్ కావాలి. ఆలస్యమైతే కండరం దెబ్బతిని, చూపు రెండుగా కనిపించడం అలాగే ఉండిపోవచ్చు.

ఇక ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: గదుమ కింద తెగిందంటే చెవుల ముందు చూడాలి. పిల్లలు బోర్లా పడితే గదుమ నేలకు కొట్టుకుంటుంది. ఆ తాకిడి దవడ వెంట పైకి పాకి, చెవి ముందున్న సన్నని కీలు దగ్గర విరుగుతుంది. డాక్టర్లు ఆ భాగాన్ని కండైల్ అంటారు. పిల్లల దవడలో ఎక్కువగా విరిగే చోటు అదే. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గదుమకు చక్కగా కుట్లు వేయించుకుని ఇంటికి వస్తారు, రక్తం ఆగింది కదా అని అందరూ ఊరుకుంటారు. కీలు సంగతి నెలల తర్వాత, నోరు తెరవలేని స్థితిలో తెలుస్తుంది. కుట్లు ఎవరు వేసినా మంచిదే. వేశాక చెవుల ముందు రెండు వేళ్ళు పెట్టి, నోరు తెరిచి మూయమని, నొప్పి ఉందా, రెండు వైపులా ఒకేలా కదులుతోందా చూడండి. తేడా ఉంటే మరుసటి రోజే దవడ సర్జన్ చూడాలి.

4. ఎక్కడికి, ఎలా తీసుకుపోవాలి

ఒకటో అడుగులో చెప్పిన ప్రమాద గుర్తులుంటే 108లో అన్ని విభాగాలూ ఉన్న పెద్ద దవాఖానకే. వరంగల్ చుట్టుపక్కల వాళ్ళకు ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీ రాత్రీపగలూ ఉంటుంది. ఆదిలాబాద్ వైపు వాళ్ళకు రిమ్స్ ఉంది. హైదరాబాద్ పంపిస్తే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల, పిల్లలకు నిలోఫర్, ఇంకా గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఉన్నాయి. పిల్లవాడు నిలకడగా ఉంటే అడగాల్సింది "ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్ (నోరు, దవడ, ముఖం ఎముకల సర్జన్) ఉన్నారా?" అని. కేవలం ఎముకల డాక్టర్‌నో, పళ్ళు పీకే క్లినిక్‌నో నమ్ముకుని రోజులు పోగొట్టుకోకండి.

ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు నుంచి వస్తే ప్రయాణానికే గంటలు పడుతుంది. దారిలో ఏమీ తినిపించకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. చివరిసారి ఏం తిన్నాడో, ఎన్ని గంటలకు తిన్నాడో రాసిపెట్టుకోండి. తాగడానికి నీళ్ళివ్వచ్చా అని 108 సిబ్బందిని అడగండి.

తలకూ గదుమకూ కలిపి గట్టిగా గుడ్డ కట్టకండి. అలా కడితే దవడ వెనక్కి నొక్కుకుంటుంది, వాంతి వస్తే బయటికి పోయే దారి ఉండదు. చేత్తో మెల్లగా ఆసరా ఇస్తే చాలు.

నాటుకట్టు గురించి చాలామంది అడుగుతారు. చేతికో కాలికో కట్టించుకున్న అనుభవంతో దవడకూ కట్టించాలనుకుంటారు. దవడకు మాత్రం వద్దు. పళ్ళు కలిశాయో లేదో చూడకుండా కట్టిన కట్టు ఎముకను వంకరగా అతికిస్తుంది, వారాల తరబడి నోరు మూసి ఉంచితే కీలు బిగుస్తుంది. నూనె మర్దన, వేడి కాపడం కూడా మొదటి రోజుల్లో వాపును పెంచుతాయి.

5. దవాఖానలో

బండి ప్రమాదమైతే ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకూ తెలిపే కాగితం) రాస్తారు. దానికి కంగారుపడి "మెట్ల మీద పడ్డాడు" అని మార్చి చెప్పకండి. దెబ్బ ఎలా తగిలిందో తెలిస్తేనే ఏ ఎముక చూడాలో డాక్టర్‌కు తెలుస్తుంది. తర్వాత ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కూ ఆ కాగితమే ఆధారం. ఎవరైనా కొట్టారా అని అడిగినా నొచ్చుకోకండి, పిల్లల ముఖం మీద దెబ్బ చూసినప్పుడు అడగడం వాళ్ళ బాధ్యత.

టీకాల కార్డు చూపించి టీటీ అవసరమా అడగండి. కుక్క గానీ కోతి గానీ కరిస్తే గాయాన్ని సబ్బు, ధారగా పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకాతోపాటు ముఖం మీది గాయం కాబట్టి ఇమ్యునోగ్లోబ్యులిన్ (గాయం చుట్టూ వేసే, వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) గురించి కూడా అడగాలి.

మొత్తం దవడ కనిపించే ఎక్స్‌రేను ఓపీజీ అంటారు. దానికి పిల్లవాడు కదలకుండా నిలబడాలి. చిన్నపిల్లలు నిలబడరు. పైగా పచ్చి వేపపుల్ల వంచితే ఒకవైపు చీలి రెండోవైపు పట్టుకుని ఉంటుంది కదా, పిల్లల ఎముక అలా విరుగుతుంది, మామూలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. అందుకే కీలు, కంటి చుట్టూ ఎముకల అనుమానం ఉంటే సీటీ స్కాన్ అడుగుతారు. రేడియేషన్ భయంతో వద్దనకండి, కానీ ఒకసారి తీసిన స్కాన్ సీడీ, ఫిల్మ్ మీ దగ్గరే ఉంచుకోండి. ఇంకో దవాఖానకు పోతే మళ్ళీ తీయాల్సిన అవసరం రాకూడదు. గర్భంతో ఉన్న తల్లి మాత్రం ఎక్స్‌రే గదిలో పిల్లను పట్టుకోకూడదు, ఇంకెవరైనా నిలబడాలి.

ఖర్చు విషయానికి, అడ్మిట్ అయ్యే ముందే ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో ఆరోగ్యమిత్రను కలిసి ఈ చికిత్స ఆ దవాఖానలో పథకం కింద ఉందా అని అడగండి. తెలంగాణలో కుటుంబానికి ఏడాది పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల రూపాయలు.

6. డాక్టర్ ఏం చేస్తానంటారు, ఎందుకు

ఎక్కువమంది తల్లిదండ్రులకు టెన్షన్ ఇక్కడే.

"కీలు దగ్గర విరిగింది, ఆపరేషన్ వద్దు, మెత్తటి తిండి, వ్యాయామం చాలు" అంటే డాక్టర్ పట్టించుకోలేదని కాదు. పిల్లల కండైల్ విరిగితే చాలా వరకు ఇదే సరైన వైద్యం. ఎదిగే వయసులో ఆ ఎముక మళ్ళీ తన ఆకారం తాను దిద్దుకోగలదు, అయితే కీలు కదులుతూ ఉంటేనే. అవసరమైతే 7 నుంచి 10 రోజులు మాత్రం రబ్బరు బ్యాండ్లతో పళ్ళను కలిపి ఉంచి, తర్వాత విప్పి నోరు ఆడించమంటారు. ఎముక బాగా జారి నోరు మూతపడకుండా అడ్డం పడ్డప్పుడో, పళ్ళు ఏ విధంగానూ కలవనప్పుడో తెరిచి ఆపరేషన్ చేస్తారు. "వద్దు" అన్నారని ఇంకోచోటికి పరుగెత్తి కోత పెట్టించుకోకండి. రెండో అభిప్రాయం తీసుకోవచ్చు, వారం దాటనీయకుండా తీసుకోండి.

గదుమ దగ్గరో, దవడ పక్కనో విరిగి పళ్ళ వరుస చెదిరితే సరిచేసి నిలబెట్టాలి. దీనికి మొదటి మూడు నుంచి ఐదు రోజులు మంచి సమయం. వారం దాటితే అతుకు గట్టిపడటం మొదలవుతుంది. పెద్దవాళ్ళలో పళ్ళకు తీగలు చుట్టడం తేలిక. పిల్లల పాలపళ్ళు పొట్టిగా, చిగురు దగ్గర గుండ్రంగా ఉంటాయి, తీగ జారుతుంది. ఆరు నుంచి పన్నెండేళ్ళ మధ్య సగం పళ్ళు ఊగుతుంటాయి. అందుకే చాలాసార్లు పళ్ళ అచ్చు తీసి, ప్లాస్టిక్ తొడుగు చేయించి, దాన్ని దవడ చుట్టూ తీగతో బిగిస్తారు. రెండుమూడు వారాల్లో తీసేస్తారు.

ప్లేటు, స్క్రూలు పెడతామంటే ఈ ప్రశ్నలు అడగండి: లోపల మొలవబోయే పళ్ళకు స్క్రూ తగలకుండా ఎలా పెడతారు? కరిగిపోయే ప్లేటా, లోహమా? లోహమైతే మళ్ళీ ఎప్పుడు తీస్తారు? ఎదిగే పిల్లల్లో లోహపు ప్లేట్లను కొన్ని నెలల్లో తీయడం మామూలే, దానికీ డబ్బు, సెలవు చూసుకోవాలి కదా.

ముక్కు విరిగితే వాపు తగ్గాక, మూడు నుంచి ఐదు రోజుల్లో మళ్ళీ చూపించండి. వంకర ఉంటే వారంలోపే సరిచేయాలి.

7. తిండి: అన్నిటికంటే మీ చేతిలో ఉన్నది ఇదే

పళ్ళు కలిపి కట్టినన్ని రోజులు నమలకుండా మింగేవే ఇవ్వాలి. మిక్సీ పట్టి, జల్లెడలో వడగట్టండి. చిన్న నలుసు తీగల మధ్య ఇరుక్కుంటే తీయడం కష్టం. రాగి జావ, పల్చని మక్క గటకలో మజ్జిగ, పప్పుకట్టు, పాలలో నానబెట్టి మెదిపిన ఇడ్లీ, సపోటా, అరటిపండు పాలతో, ఉడికించిన గుడ్డును పప్పుకట్టులో కలిపి మిక్సీ పట్టి, చికెన్ ఉడికించిన నీళ్ళు. కారం, పులుపు తగ్గించండి, చిగుళ్ళ గాయాలు మండుతాయి. ప్రతి గిన్నెలో ఒక చెంచా నెయ్యి వేయండి, తక్కువ తిండిలో ఎక్కువ బలం వెళ్ళాలి.

మూడు పూటలు కుదరదు, రెండు గంటలకోసారి ఇవ్వండి. గ్లాసు పట్టుకోలేకపోతే సిరంజితో చెంపలోపలి వైపు నుంచి కొద్దికొద్దిగా, కూర్చోబెట్టి మాత్రమే పట్టాలి. పడుకోబెట్టి పోయకండి.

కట్లు విప్పాక, లేదా కట్లు లేకుండానే మెత్తటి తిండి అన్నారంటే, చేత్తో నలిపితే నలిగేది ఏదైనా పెట్టొచ్చు: మెత్తగా ఉడికిన పప్పన్నం, కిచిడి, పెరుగన్నం, ఉప్మా. జొన్నరొట్టె, సర్వపిండి, సకినాలు, మురుకులు, చెరుకు ముక్క, మటన్ ముక్క, గట్టి జామకాయ డాక్టర్ ఒప్పుకునే దాకా ఆపండి. పండగ రోజుల్లో ఇంట్లో అందరూ తింటుంటే వాడి మనసు ఆగదు, వాడి కోసం పాయసం లాంటిదేదైనా వేరుగా చేసిపెట్టండి.

సరిపోతోందా అని ఎలా తెలుస్తుంది? వారానికోసారి ఒకే కాటా మీద తూచండి, అంగన్‌వాడీలో కూడా తూస్తారు. బరువు వరుసగా తగ్గుతున్నా, పగటిపూట ఆరు ఎనిమిది గంటలు మూత్రం పోయకపోయినా డాక్టర్‌కు చెప్పండి.

8. నోటి శుభ్రం, మందులు, వాంతి

ఏది తిన్నా వెంటనే గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించాలి. మెత్తటి బ్రష్‌తో తీగల మీద, తొడుగు చుట్టూ రోజుకు రెండుసార్లు తోమండి. డాక్టర్ రాసిన క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ ఉమ్మడం వచ్చిన పిల్లలకే, మింగేసే వయసుకు వద్దు. పెదాలు పగలకుండా వాజిలిన్. పడుకునేటప్పుడు తల కాస్త ఎత్తులో.

నొప్పికి పారాసిటమాల్, కిలో బరువుకు ఒక డోసుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగు డోసులు మించకూడదు. సిరప్ సీసాలు వేర్వేరు బలంతో ఉంటాయి. 20 కిలోల పిల్లకు 250 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే, 5 మిల్లీలీటర్లలో 250 ఉన్న సీసాలో 5 మిల్లీలీటర్లు, 125 ఉన్నదాంట్లో 10 మిల్లీలీటర్లు. సీసా మీద అంకె చదవకుండా "ఒక మూత" లెక్కన పోయకండి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. యాంటీబయోటిక్ రాస్తే రాసినన్ని రోజులూ వాడాలి.

పళ్ళు కట్టి ఉన్నప్పుడు వాంతి వస్తే ముందుకు వంచండి, చెంపను వేలితో పక్కకు లాగండి. లోపల ఉన్నది ద్రవమే కాబట్టి పళ్ళ సందుల్లోంచి వచ్చేస్తుంది. ఊపిరాడకపోతే రబ్బర్లు కత్తిరించాలి. డిశ్చార్జ్ రోజునే "ఏవి కత్తిరించాలి, చూపించండి" అని అడిగి, చిన్న కత్తెర, తీగ అయితే కటింగ్ ప్లేయర్ పిల్లవాడి పడక దగ్గరే ఉంచండి. బడికి పంపితే బ్యాగులో కూడా.

వాపు రెండోమూడో రోజున ఎక్కువై, తర్వాత వారం పది రోజుల్లో తగ్గుతుంది. మూడో రోజు తర్వాత వాపు పెరుగుతున్నా, జ్వరం, చీము, దుర్వాసన వచ్చినా, తీగ వదులైనా, పళ్ళు కలిసే తీరు మళ్ళీ మారినా ఆగకుండా చూపించండి.

9. నోరు తెరిచే వ్యాయామం

ఇళ్ళలో ఎక్కువగా వదిలేసేది ఇదే, తర్వాత ఎక్కువ బాధపెట్టేదీ ఇదే. నొప్పి తగ్గింది, అన్నం తింటున్నాడు, చాల్లే అనుకుంటారు. పిల్లవాడు నోరు సగమే తెరిచి తినడం అలవాటు చేసుకున్న సంగతి ఎవరూ గమనించరు.

డాక్టర్ మొదలుపెట్టమన్న రోజు నుంచి, రోజుకు మూడు నాలుగు పూటలు, పూటకు పదిసార్లు. అద్దం ముందు కూర్చోబెట్టి పై పళ్ళ నడిమి గీత, కింది పళ్ళ నడిమి గీత చూపించండి. నోరు తెరుస్తుంటే రెండు గీతలూ నిలువుగా ఒకే వరుసలో ఉండాలి. పక్కకు పోతుంటే వేలితో గదుమను మెల్లగా నడిమికి తెమ్మనండి. తర్వాత కింది దవడను కుడికి, ఎడమకు, ముందుకు కదపాలి.

ఎంత తెరుచుకుంటోందో కొలవడానికి ఐస్‌క్రీం పుల్లలు. ముందు పళ్ళ మధ్య ఎన్ని పుల్లలు ఒకదాని మీద ఒకటి పడతాయో చూసి క్యాలెండర్‌లో ఆ తేదీ మీద అంకె రాయండి. వీలైనప్పుడల్లా ఒక పుల్ల పెంచండి. చేరాల్సిన గుర్తు: పిల్లవాడి సొంత చూపుడువేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు మూడూ నిలువుగా పేర్చి ముందు పళ్ళ మధ్య పట్టాలి. మీ వేళ్ళు కాదు, వాడివే. వారం రోజులు అంకె పెరగకపోయినా, తగ్గినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. మొదట్లో కొంచెం నొప్పి ఉంటుంది, వ్యాయామానికి అరగంట ముందు పారాసిటమాల్ ఇవ్వచ్చా అని అడగండి. బలవంతంగా చేత్తో నోరు చీల్చి తెరవకండి.

కబడ్డీ, కుస్తీ, చెట్లెక్కడం, సైకిల్ రేసులు డాక్టర్ సరే అనేదాకా వద్దు, సాధారణంగా నెలన్నర నుంచి రెండు నెలలు.

10. ఎదిగేదాకా చూసుకోవాల్సినవి

కట్లు విప్పాక చాలా కుటుంబాలు మళ్ళీ కనిపించవు. కానీ కీలుకు దెబ్బ తగిలిన పిల్లల్లో, ముఖ్యంగా ఐదేళ్ళలోపు వాళ్ళలో, ఆ వైపు దవడ ఎదుగుదల మందగించవచ్చు. అది నెలలు, ఏళ్ళ మీద తెలుస్తుంది. కాబట్టి మొదటి ఏడాది డాక్టర్ చెప్పిన ప్రతిసారీ, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి ఎదుగుదల ఆగేదాకా చూపించండి.

ఇంట్లో మూడు నెలలకోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో నాలుగు ఫొటోలు తీయండి: ఎదురుగా, పళ్ళు కనబడేలా నవ్వుతూ, నోరు పూర్తిగా తెరిచి, తల పైకెత్తి గదుమ కింది నుంచి. పాతవాటి పక్కన పెట్టి చూడండి. గదుమ ఒకవైపుకు జరుగుతోందా? ఒక చెంప రెండోదానికంటే చిన్నగా ఉందా? మూడు వేళ్ళు పట్టిన నోరు రెండు వేళ్ళకు వచ్చిందా? మొద్దుబారిన పెదవికి స్పర్శ వచ్చిందా? రావాల్సిన వయసులో శాశ్వత పన్ను వచ్చిందా? నల్లబడిన పాలపన్ను పక్కన చిగురుకు చీముపొక్కు ఉందా? వీటిలో ఏ తేడా ఉన్నా ఫొటోలతో సహా సర్జన్‌కు చూపించండి. బిగుసుకోవడం మొదట్లోనే తెలిస్తే వ్యాయామంతో చాలా వరకు దారికి వస్తుంది. ఎముక అతుక్కుపోయాక తెలిస్తే పెద్ద ఆపరేషన్ తప్పదు. చిన్న గదుమతో ఎదిగే పిల్లలు రాత్రి గురక పెట్టడం, ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం కూడా ఉంటుంది, అది కనిపిస్తే వెంటనే చెప్పాలి.

పిల్లలు గురుకులంలోనో హాస్టల్‌లోనో చదువుతుంటే మెత్తటి తిండి, వ్యాయామం వేళలు, ఏ ఆటలు వద్దో డాక్టర్ చేత తెలుగులో ఒక కాగితం రాయించి వార్డెన్‌కు, పీఈటీకి ఇవ్వండి. ఐస్‌క్రీం పుల్లలు, అద్దం పెట్టెలో పెట్టి పంపి, ఫోన్ చేసినప్పుడు ఆ వారం అంకె ఎంతో అడగండి. డిశ్చార్జ్ సమ్మరీ, సీడీ, ఓపీజీ ఫిల్మ్ మాత్రం ఇంట్లోనే ఉంచుకుని, ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఏళ్ళ తర్వాత పళ్ళకు క్లిప్పులు వేయించాల్సి వచ్చినా, ఆ డాక్టర్ ముందు అడిగేది అవే.